మరకలమ్మ ఇంటి గోడ

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ గోడకు టీ పూసింది నేనే.

పొరపాటున ఒలికిందేమోనని మీరు జాలిపడకండి. ఒలకలేదు. ఫ్లాస్కులో మిగిలిన టీ గిన్నెలో పోసి, స్పాంజి ముంచి, రెండో చేత్తో జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పట్టుకుని, పొర మీద పొర, ఎంతో శ్రద్ధగా పూశాను. బళ్ళో మా డ్రాయింగ్ మాస్టారు చూసి ఉంటే అప్పుడు వెయ్యని మార్కులు ఇప్పుడు వేసేవాడు. ఇదంతా మా పిన్నికి మేలు చేద్దామనే చేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసే వైద్యుల్లో నేనొకణ్ణి.

పూయడం సగం తప్పే. పూసింది ఎవరింట్లో అన్నది మిగతా సగం. మా పిన్ని బతుకుతెరువే మరకలు. చొక్కా మీద, చీర మీద, కోటు మీద, పరుపు దుప్పటి మీద పడ్డ మరకలు తీస్తుంది. వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆమెను మరకలమ్మ అంటారు. అలాంటి మనిషి ఇంట్లో దొంగ మరక వేశానంటే, తాతకు దగ్గులు నేర్పిన మనవడు కూడా నన్ను చూసి నవ్వుతాడు.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. మనిషి పొట్టి, చేతులు పొడుగు, మాట మరీ పొట్టి. నేను అదే వీధి చివర ఫోన్లు బాగుచేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడుచేసి నేర్చుకున్నాను. మధ్యాహ్నం భోజనం మాత్రం పిన్ని ఇంట్లోనే. కాబట్టి ఆమె పని నేను కంచం ముందు కూర్చుని పదేళ్ళుగా చూస్తున్నాను.

ఆమె పని చేసేది ఇంటి ముందు గదిలో. కిటికీ దగ్గర రాతి పలక పరిచిన బల్ల, దాని మీద వరసగా సీసాలు: వెనిగర్, స్పిరిట్, గ్లిజరిన్, వంట సోడా, ఇంకా పేర్లు రాయని మూడు. బల్ల ఎదురుగా గోడకు ఆనించి కొయ్య అలమరా. పైన ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప కడ్డీ, దానికి తయారైన బట్టలు. అలమరా పక్కన రేకు డబ్బా, అందులో చీటీలు.

ఆ చీటీల్లోనే ఉంది పిన్ని విద్యంతా. చొక్కా చేతికివ్వగానే ముందు తిరగేస్తుంది. మరక లోపలి నుంచి బయటికొచ్చిందా, బయటి నుంచి లోపలికి దిగిందా చూస్తుంది. తరవాత వాసన చూస్తుంది. తరవాత మూల మీద ఒక్క చుక్క నీళ్ళు వేసి, అది ఎటు పాకుతుందో చూస్తుంది. అప్పుడు చీటీ తీసి రాస్తుంది. వస్తువు ఏది. మరక ఏది. వయసు ఎంత. ఎలా పడింది. రాశాక బట్ట తెచ్చినవాళ్ళ చేత సంతకం పెట్టిస్తుంది. సంతకం లేకపోతే బట్ట ముట్టదు.

ఒకసారి ఒకాయన తెల్లచొక్కా తెచ్చాడు. కాలరు కింద ఎర్రటి గీత.

"టమాటా అండీ," అన్నాడు.

పిన్ని వాసన చూసి చొక్కా బల్ల మీద పెట్టింది. "బాబూ, కథ మీ ఇంట్లో చెప్పుకోండి. నాకు పదార్థం చెప్పండి. టమాటాకు వేసే మందు దీనికి వేశాననుకోండి, ఈ గీత మీకు తోడబుట్టినట్టు ఉండిపోతుంది."

ఆయన నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూశాను. ఆయన గొంతు తగ్గించి, "లిప్‌స్టిక్," అన్నాడు.

"ఎన్ని రోజులు?"

"రెండు."

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెళ్ళి రిజిస్టరులో కూడా ఆయన అంత వణుకుతూ పెట్టి ఉండడు. అలా వీధిలో సగం మంది గుట్టు ఆ రేకు డబ్బాలో ఉంది. ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. నేనొకసారి మూత తీయబోతే పిన్ని వేడి ఇస్త్రీపెట్టె తెచ్చి నా వేళ్ళ పక్కన పెట్టింది. కాల్చలేదు, పక్కన పెట్టింది అంతే. మూత మళ్ళీ నేనే సర్దాను.

అలాంటి గదిలోకి ఒక మంగళవారం ఉదయం పై వాటా నుంచి నీళ్ళొచ్చాయి. పైన అద్దెకుండే నర్సు డ్యూటీకి వెళ్ళిపోయింది. వాళ్ళ స్నానాల గదిలో, గోడ లోపల పైపు కీలు ఊడింది. రెండు గంటలు ఆగకుండా కారింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి పైకప్పు నుంచి పెచ్చు ఊడి రాతి బల్ల మీద పడి ఉంది. గోడ వెంట నీళ్ళు దుప్పటి జారినట్టు జారుతున్నాయి. పిన్ని మోకాళ్ళ దాకా చీర ఎగదోపి, కడ్డీ మీది బట్టలు రెండు చేతులతో ఎత్తి పడకగదిలోకి మోస్తోంది. తన అలమరా తడుస్తోంది, తన కుర్చీ తడుస్తోంది, అటు చూడటం లేదు.

"ఫోన్లో ఫొటోలు తియ్," అంది, నా పక్క నుంచి పోతూ. "ఆ తరవాత పైకి పోయి ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టెయ్."

"ముందు నీళ్ళు కట్టేస్తే మంచిది కాదా పిన్నీ?"

"కట్టేశాక కారే నీళ్ళకు ఫొటో ఎలా తీస్తావురా?"

వరదలో కూడా బుర్ర తడవని మనిషి. నాలుగు ఫొటోలు తీసి పైకి పరిగెత్తాను.

గదిలో ఉన్న నలభై రెండు జతలూ పొడిగా బయటపడ్డాయి. గది మాత్రం పోయింది. స్విచ్ బోర్డు కాలింది, అలమరా అడుగు ఉబ్బింది, పైకప్పు సగం రాలింది, గోడ అంతా నెమ్ము. నెమ్ము వాసన తెల్లబట్టకు ఇట్టే పట్టేస్తుంది. కాబట్టి గది బాగయ్యేదాకా ఒక్క బట్ట తీసుకోవడానికి వీల్లేదు. బాగుచేయించాలంటే చేతిలో ఉన్నది చాలదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వీధి మొదట్లో ఈమధ్యే అద్దాల తలుపుల లాండ్రీ ఒకటి తెరిచారు. దాని ఓనరు పిన్నికి రెండుసార్లు కబురు పంపాడు. మా దగ్గర మరకల విభాగం మీరే చూసుకోండి, నెలజీతం ఇస్తాం, యూనిఫాం ఇస్తాం అని. నీళ్ళు పడ్డ సాయంత్రమే మూడోసారి కబురు పంపాడు. పిన్ని ఆ గది తెరవలేకపోతే ఆ అద్దాల వెనక యూనిఫాం వేసుకుని నిలబడటమే గతి. ఆ యూనిఫాం రంగు కూడా మంచిది కాదు.

"తప్పేముందే," అన్నాడు బాబాయి. బాబాయి బస్ డిపోలో టైమ్‌కీపరు. బస్సులు ఎంత లేటైనా భయపడడు కానీ, కాగితం మీద ముద్ర కనిపిస్తే భయపడతాడు. "ఎండలో కూర్చోనక్కర్లేదు, వానలో నిలబడనక్కర్లేదు. ఫ్యాన్ కింద ఉద్యోగం."

"అక్కడ బట్టకు నంబరేస్తారట," అంది పిన్ని. "మరక ఎలా పడిందని ఎవరూ అడగరట. అడక్కుండా ఏం తీస్తాను నేను? ఆ ఇన్సూరెన్సు కాగితం తియ్యండి."

ఇల్లు కొన్నప్పుడు అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు పట్టుబట్టి చేయించిన ఇన్సూరెన్సు అది. బాబాయి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టి, బీరువాలో దాచాడు. పదకొండేళ్ళుగా ఎవరూ చదవలేదు. ఇల్లంతా తడిసినా అది మాత్రం పొడిగా ఉంది.

పిన్ని దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ఉన్నట్టుండి పైపు పగిలి నీళ్ళొస్తే డబ్బిస్తారు. నెలల తరబడి కొద్దికొద్దిగా చెమ్మ ఊరితే ఇవ్వరు, అది ఇల్లు సరిగా చూసుకోకపోవడం. తేడా అంతే. "మనది ఉన్నట్టుండి పగిలింది. ఇస్తారు," అంది పిన్ని. ఫోన్ చేసింది. శుక్రవారం సర్వేయరు వస్తాడు, అందాకా ఏమీ కదపకండి అన్నారు.

ఇప్పుడు నా ఘనకార్యం.

శుక్రవారం వచ్చేసరికి, పక్కగది గుమ్మంలో పెట్టిన టేబుల్ ఫ్యాన్ గాలికి గోడ పైపైన ఆరిపోయింది. లోపల నెమ్ము అలాగే ఉంది కానీ, పైకి చూస్తే ఏ పాపం ఎరగనట్టు నిలబడింది. నాకు కంగారు పుట్టింది. సర్వేయరు వచ్చి, ఏదమ్మా నష్టం అంటే ఏం చూపిస్తాం? పిన్నేమో పైపు బాగుచేసిన ప్లంబరు దగ్గర కాగితం రాయించుకోవడానికి వెళ్ళింది. బాబాయి డిపోలో ఉన్నాడు. అరగంట టైముంది. నల్ల టీ కాచే ఓపిక లేక, పొద్దున ఫ్లాస్కులో మిగిలిన పాల టీయే తీసుకున్నాను. పక్కగది నుంచి వైరు లాగి ఆరబెట్టే మిషన్ పెట్టాను. గోడ మధ్యలో పెద్ద వలయం, దాని లోపల చిన్న వలయం, దాని లోపల ఇంకోటి. దూరంగా నిలబడి చూస్తే నాకే దుఃఖమొచ్చింది. అంత బాగా పాడైంది గోడ.

పిన్ని, సర్వేయరు ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. గదిలో లైటు లేదు, నీళ్ళు పడ్డ రోజు జరిపిన అలమరా కిటికీకి అడ్డంగా ఉంది. సర్వేయరు సన్నటి మనిషి, భుజాన సంచి, రోజుకు ఏడిళ్ళు చూసే కాళ్ళు. ఎవరి మాటా నమ్మకపోవడానికే ఆయనకు జీతం. పైకప్పు చూశాడు, బల్ల చూశాడు, టార్చి వేసి గోడ చూశాడు. అక్కడ ఆగిపోయాడు.

"ఎన్ని నెలల నుంచి ఉందమ్మా ఇది?"

పిన్ని గోడ వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. "నిన్న లేదండి," అంది.

"అందరూ అదే అంటారు." ఆయన వలయాల మీద వేలు తిప్పాడు. "ఇదిగో, ఒకటి, రెండు, మూడు. చెమ్మ ఊరింది, ఆరింది. మళ్ళీ ఊరింది, ఆరింది. వలయాలు ఊరికే రావు. పోయిన వానాకాలం నుంచైనా ఉండాలి." ఫొటోలు తీసుకున్నాడు. ఇంకేదో ఇంటి నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూనే బయటికి పోయాడు.

పిన్ని గోడ దగ్గరికి వెళ్ళింది. గోటితో గీసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పాలున్నాయి. పంచదార ఉంది," అంది. "కావాలని కాచావా, తాగగా మిగిలిందా?"

"మిగిలింది పిన్నీ."

"ఆయన్ని పిలు. పరిగెత్తు."

పరిగెత్తాను. స్కూటరు మలుపు తిరిగిపోయింది. ఆ ఆఫీసు నంబరుకు ఫోన్ చేస్తే, రిపోర్టు వచ్చాక అభ్యంతరం రాయండి అంది ఒక గొంతు. అదే మాట నాలుగుసార్లు అంది. మనిషో మిషనో తెలియలేదు.

నేను సాయంత్రం దాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాను, తిడుతుందేమోనని. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

వారానికి ఉత్తరం వచ్చింది. దీర్ఘకాలిక చెమ్మ వల్ల కలిగిన నష్టం, క్లెయిము తిరస్కరించడమైనది, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపగలరు. కింద గుండ్రటి ముద్ర. బాబాయి ఆ ముద్ర చూసి మంచినీళ్ళు తాగాడు.

"వదిలెయ్యవే. మన గీత ఇంతే. రేపు వెళ్ళి ఆ లాండ్రీ ఆయనతో మాట్లాడదాం."

"పిన్నీ," అన్నాను, "నా దగ్గర ఒక ఉపాయం ఉంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఆ మాట అనకుండా ఉండాల్సిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే అని అప్పుడు తోచింది. కానీ నోరు జారింది. "టీ శుభ్రంగా కడిగేద్దాం. ఆయన ఫోన్ కెమెరాలో లోపముందందాం. కొన్ని ఫోన్లలో ఫొటోలు గోధుమరంగులో వస్తాయి, నేను రాసిస్తాను కావాలంటే."

"ఒక మరక మీద ఇంకో మరకా," అంది పిన్ని. "నిజం రాస్తాను. టీ పూశామని రాస్తాను."

బాబాయి కుర్చీలోంచి లేచాడు. రెండు కవర్లూ విప్పి కాగితం తీసి, వేలితో ఒక చోట చూపించాడు. "ఇది చదివావా? నష్టాన్ని తప్పుగా చూపించినట్టు తేలితే పాలసీ మొత్తం రద్దు. మొత్తం. ఇప్పుడు ఇవ్వనన్నది ఒక్క గది డబ్బే. నువ్వు ఇది రాసిస్తే రేపు ఇల్లు తగలబడ్డా ఇవ్వరు. వీణ్ణి పోలీసులకిచ్చినా ఇస్తారు."

"అదొక లాభం," అంది పిన్ని.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు కాబట్టి ఆపేశాను.

"ఏమండీ, వినండి," అంది, ఈసారి కాస్త నెమ్మదిగా. "ఆ గోడ మీద రెండు మరకలున్నాయి. పైన టీ, కింద నీళ్ళు. ఆయన పైది చూసి కిందది అనుకున్నాడు. పైది ఏమిటో నేను చెప్పకపోతే కిందది ఆయనకు కనపడదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే. దీనికి కూడా భయపడితే నేను ఆ అద్దాల వెనక నిలబడటమే నయం."

బాబాయి కాగితాన్ని మళ్ళీ ఒక కవరులో పెట్టాడు. రెండో కవరు పెట్టలేదు. అది ఆయన ఒప్పుకోవడం.

పిన్ని అభ్యంతరం ఉత్తరం రాయలేదు. రేకు డబ్బాలోంచి ఒక చీటీ తీసింది. అందరి బట్టలకూ రాసినట్టే రాసింది.

వస్తువు: ముందు గది గోడ. మరక: పైన టీ, పాలు, పంచదార. వయసు: శుక్రవారం నుంచి. ఎలా పడింది: అక్క కొడుకు స్పాంజితో పూశాడు, నాకు చెప్పలేదు. కింద మరక: మంచినీళ్ళు. వయసు: మంగళవారం, రెండు గంటలు. ఎలా పడింది: పై వాటా పైపు ఊడింది.

"సంతకం పెట్టు," అంది నాతో.

"నేనా?"

"వస్తువు తెచ్చింది నేను. మరక తెచ్చింది నువ్వు."

పెట్టాను. లిప్‌స్టిక్ చొక్కా ఆయన చెయ్యి ఎందుకు వణికిందో అప్పుడు తెలిసింది.

ఆ చీటీ పట్టుకుని ఇద్దరం ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళాం. టోకెను మిషను, ప్లాస్టిక్ మొక్క, గోడకు చెయ్యీ చెయ్యీ కలిపిన ఫొటో. టోకెను నంబరు వచ్చాక ఒక మేనేజరమ్మ ముందు కూర్చోబెట్టారు. ఆవిడ చీటీని అటూ ఇటూ తిప్పింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది.

"ఏంటమ్మా ఇది?"

"రసీదండి. మా ఇంట్లో ఇలాగే రాస్తాం."

"టీ పూశామని మీరే రాసిచ్చారు."

"వీడు పూశాడు." పిన్ని నన్ను సరుకు చూపించినట్టు చూపించింది. "మీ సర్వేయరుగారు చూసింది నిజమేనండి, వలయాలున్నాయి. అవి చెమ్మవి అనుకోవడమే పొరపాటు. ఇంకొక్కసారి పంపించండి. తేడా నేను చూపిస్తాను."

మేనేజరమ్మ నా వైపు తిరిగింది. "ఎందుకు చేశావు బాబూ?"

"నష్టం సరిగా కనపడటం లేదని, మేడం."

"సరిగా కనపడిందా ఇప్పుడు?"

"చాలా బాగా కనపడింది మేడం."

ఆవిడ పెదవి బిగపట్టింది. నవ్వో కోపమో నాకు అర్థం కాలేదు. "మళ్ళీ పంపిస్తాను. కానీ ఒక మాట. అక్కడ మీ మాట రుజువు కాకపోతే ఈ చీటీయే మీ మీద కేసవుతుంది. పాలసీ ఉండదు. వెనక్కి తీసుకుంటానంటే ఇప్పుడే తీసుకోండి, నేను చూడలేదనుకుంటాను."

చీటీ బల్ల మధ్యలో ఉంది. నేను దాన్ని అందుకోవాలని చెయ్యి చాచాను కూడా. పిన్ని నా చెయ్యి మీద ఒక్కటి వేసి, చీటీని ఆవిడ వైపు ఇంకొంచెం జరిపింది.

"ఏ రోజు పంపిస్తారండి?" అంది.

సోమవారం అన్నారు. అప్పటికి నేను టీ పూసి రెండు వారాలు దాటింది. ఈలోగా గదిలోకి కొత్త బంధువులు వచ్చారు. కిటికీ చట్రం సందులోంచి బయల్దేరి, గోడ ఎక్కి, నా వలయాల వెంట వరస తప్పకుండా తిరుగుతున్నాయి చీమలు. పెద్ద వలయం చుట్టూ ఒక బారు, చిన్న వలయం చుట్టూ ఒక బారు. బాబాయి చీపురు తెచ్చాడు.

"వాటి జోలికి పోకండి," అంది పిన్ని. "అవి మన సాక్షులు."

సోమవారం సర్వేయరు చిరాగ్గా వచ్చాడు. తన రిపోర్టు తప్పని ఎవరంటే మాత్రం ఎవరికి బాగుంటుంది? ఈసారి పిన్ని ముందే అలమరా పక్కకు జరిపించి కిటికీ బారుగా తీయించింది. వెలుగు నేరుగా గోడ మీద పడింది. ఆయన చీమల్ని చూశాడు. దగ్గరికి వెళ్ళి చూశాడు.

"చెమ్మకు చీమలు రావండి," అంది పిన్ని. "పంచదారకు వస్తాయి."

"గోడలో ఎక్కడో పుట్ట ఉందేమో," అన్నాడు ఆయన.

"ఉంటే గుండ్రంగా తిరగవుగా."

 పిన్ని గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, చిన్న వలయం మీద రెండుసార్లు అద్దింది. దూది గోధుమరంగుకు తిరిగింది. గోడ అక్కడ తెల్లగా బయటపడింది. "పాత చెమ్మ గోడ లోపలి నుంచి వస్తుంది. తుడిస్తే పోదు. రంగు పొక్కుతుంది, ఉప్పు పూస్తుంది, గోరు పెడితే పొడి రాలుతుంది. పెట్టి చూడండి."

ఆయన గోరు పెట్టాడు. రాలలేదు. అయినా తల అడ్డంగానే ఊపాడు. "అమ్మా, మీరు ఇవన్నీ చెబితే నేను రాసుకోవాలి. మీకెలా తెలుసని పైవాళ్ళడిగితే నేనేం చెప్పాలి?"

"ఇదే నా పని అని చెప్పండి."

"అయితే ఇది చెప్పండి." ఆయన చొక్కా జేబు పక్కన ఉన్న మరక చూపించాడు. రూపాయి బిళ్ళంత ఉంది, పక్కన చిన్న తోక. "మా ఇంట్లోవాళ్ళు నెల నుంచి ఉతుకుతున్నారు."

పిన్ని ముట్టుకోలేదు. తల వంచి చూసింది. "మీరు ఇంట్లో ఏమని చెప్పారు?"

"గ్రీజని. ఒక ఇంట్లో మోటారు చూస్తుంటే పడిందని."

"గ్రీజు మందు వేసి ఉతుకుతున్నారు, అందుకే పోవట్లేదు. ఇది కాఫీ. పడుకుని తాగారు."

సర్వేయరు చెయ్యి దానంతట అదే జేబు మీదికి వెళ్ళింది.

"నిలబడ్డ మనిషి మీద పడితే తోక కిందికి ఉండాలి," అంది పిన్ని. "మీది భుజం వైపు ఉంది."

 బాబాయి గోడ వైపు తిరిగి దగ్గాడు. చివరికి సర్వేయరే, "ఆఫీసులో మంచం లేదండి. సోఫా ఉంది," అన్నాడు. అని, గోడ వైపు తిరిగి, ఈసారి తనంతట తనే నా వలయాలను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు. "నీళ్ళు పైకప్పు నుంచి వస్తే నిలువుగా జారాలి," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఈ వలయాలు పైకప్పును తాకను కూడా తాకలేదు. నడిమధ్యన వేలాడుతున్నాయి."

"వాడి చెయ్యి అంతవరకే అందిందండి," అంది పిన్ని.

ఆ తరవాత ఆయన గంటన్నర ఉన్నాడు. మొదటిసారి పది నిమిషాలే ఉన్న మనిషి. స్టూలెక్కి పైకప్పు మీద నీళ్ళు జారిన నిలువు చారలు కొలిచాడు. నేను తీసిన ఫొటోలు టైముతో సహా తీసుకున్నాడు. ప్లంబరు కాగితం చదివాడు. అలమరా వెనక పెచ్చు, కాలిన స్విచ్ బోర్డు, ఉబ్బిన బల్లకాళ్ళు, పోయినసారి చూడనివన్నీ ఇప్పుడు రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కాసేపు సంచి సర్దుకుని, చొక్కా ఎప్పుడు తెచ్చివ్వమంటారు అని అడిగాడు.

"గది బాగయ్యాక," అంది పిన్ని. "చీటీ మీద నిజం రాయాలి మరి."

పది రోజులకు రెండో ఉత్తరం వచ్చింది. బాబాయి ముద్ర కనపడకుండా చేత్తో మూసుకుని చదివాడు. ఆకస్మిక నీటి ప్రమాదంగా పరిగణించి క్లెయిము ఆమోదించడమైనది. పైకప్పు, గోడ పూత, కరెంటు పని, అలమరా, అన్నీ ఉన్నాయి. చివర ఒక వాక్యం విడిగా ఉంది: టీ పూయబడిన మేర రంగు ఖర్చు చెల్లించబడదు. ఇటువంటిది పునరావృతమైన పక్షంలో పాలసీ రద్దు చేయబడును.

ఆ టీ పూయబడిన మేరకు రంగు నేనే వేశాను. పిన్ని కుర్చీ వేసుకుని కూర్చుని వేయించింది. మూడు చేతుల పూత వేశాక కూడా, కిటికీ వైపు నుంచి చూస్తే వలయం కనపడుతోందని నాలుగో చెయ్యి వేయించింది. లాండ్రీ ఓనరు నాలుగోసారి మనిషిని పంపిస్తే, ఆ మనిషి కోటు మీదున్న నూనె మరకకు చీటీ రాసి, సంతకం పెట్టించుకుని పంపింది.

గది తెరిచిన రోజు మొదటి బట్ట సర్వేయరు చొక్కా. పిన్ని దాన్ని రాతి బల్ల మీద పరిచి, గ్లిజరిన్ చుక్క వేసి వేలితో రుద్దుతోంది. నేను మెట్టు మీద కూర్చుని కొత్త పైకప్పు, కొత్త స్విచ్ బోర్డు, కొత్త అలమరా వంతులవారీగా చూసుకుంటున్నాను. మనసు నిండిపోయింది. అలాంటప్పుడే నా నోరు నా మాట వినదు.

"ఒక్క మాట చెప్పనా పిన్నీ. నేను టీ పూయకపోతే ఆయన ఒక్కసారే వచ్చి, పది నిమిషాలు చూసి, ఏదో కాస్త రాసి పోయేవాడు. రెండోసారి రావడం వల్లే కదా అలమరా వెనక పెచ్చు చూశాడు, స్విచ్ బోర్డు చూశాడు. నిజాయితీగా చెప్పు, ఈ గది ఇంత బాగా రావడంలో నా చెయ్యి కొంచెమైనా ఉందా లేదా?"

పిన్ని తల ఎత్తలేదు. చొక్కా తిరగేసి, వెలుగుకు పట్టి చూసింది.

"ఎందుకు లేదురా, ఉంది. ఇంకో ఫ్లాస్కు టీ నీ చేతికిచ్చి ఉంటే ఇల్లు మొత్తం కూలిపోయేది. కొత్త ఇల్లే వచ్చేది."